గేమ్ సర్వర్ టెంప్లేట్లు: ఎక్స్‌పోర్ట్, బ్యాకప్, తరలింపు

ఇంటర్నెట్‌లో పదిమంది కలిసి ఆడే ఆటకు ఎక్కడో ఒక కంప్యూటర్‌లో సర్వర్ నడుస్తూ ఉండాలి. ఆ సర్వర్‌ను ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, ఏ ఆదేశంతో మొదలుపెట్టాలి, నడిపేవాడిని ఏయే విలువలు అడగాలి, చివరికి ఎలా ఆపాలి అన్న వివరాలను ఒకచోట రాసిపెట్టిన పత్రమే కాన్ఫిగరేషన్ టెంప్లేట్. ఆ పత్రాన్ని ఫైలుగా బయటికి తీయడం ఎక్స్‌పోర్ట్, ఇంకో యంత్రంలోకి ఎక్కించడం ఇంపోర్ట్. పాత యంత్రం చెడిపోతుందన్న భయంతోనో, హోస్టింగ్ కంపెనీ మారుతున్నప్పుడో, ఆటగాళ్లకు దగ్గరలో ఉన్న డేటా సెంటర్‌కు వెళ్తున్నప్పుడో దీని అవసరం పడుతుంది. ఈ పనికి, వెబ్ పేజీ నుంచి సర్వర్లను అదుపు చేసే ప్యానెళ్లు చాలా ఉన్నా, విస్తృతంగా వాడుకలో ఉన్న ఓపెన్ సోర్స్ ప్యానెల్ టెరోడాక్టిల్‌ను ఆధారం చేసుకుని చెబితే విషయం స్పష్టంగా అర్థమవుతుంది.

సర్వర్ నడిపేవారిలో చాలామంది టెంప్లేట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసుకుని, సర్వర్‌కు బ్యాకప్ ఉందన్న ధీమాతో ఉంటారు. ఆ ధీమా ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే ఆ ఫైలులో ఏముందో, ఏం లేదో చూడాలి.

నేపథ్యం

1996లో వచ్చిన క్వేక్ రోజుల నుంచీ ఆట సర్వర్ల అమరికలు మామూలు టెక్స్ట్ ఫైళ్లలోనే ఉంటున్నాయి. కన్సోల్‌లో టైప్ చేసే ఆదేశాలనే వరుసగా ఫైలులో రాసి, 'ఎగ్జెక్' అన్న ఆదేశంతో చదివించేవారు. 1998 నాటి హాఫ్-లైఫ్, దాని మీద పుట్టిన కౌంటర్-స్ట్రైక్ అదే పద్ధతిని కొనసాగించాయి. 2000ల్లో మన నెట్ సెంటర్లలో కౌంటర్-స్ట్రైక్ పోటీలు నడిపినవారికి సర్వర్.సీఎఫ్‌జీ అనే ఫైలు కొత్త కాదు. అప్పట్లో ఆ ఒక్క ఫైలును కాపీ చేసుకుంటే తరలింపు దాదాపు అయిపోయినట్టే.

సర్వర్లను అద్దెకిచ్చే వ్యాపారం పెరిగాక ఆ సౌలభ్యం పోయింది. ఒకే యంత్రం మీద పదుల కొద్దీ సర్వర్లు, రకరకాల ఆటలు. మైన్‌క్రాఫ్ట్ తన అమరికలను సర్వర్.ప్రాపర్టీస్ ఫైలులో పెట్టుకుంటుంది. మరో ఆట ఐఎన్ఐ ఫైలు వాడుతుంది, ఇంకొకటి ఎక్స్ఎంఎల్ అంటుంది, వేరొకటి యామల్ అంటుంది. ఇన్ని రూపాలనూ ఒకే వెబ్ పేజీ నుంచి అదుపు చేయాలంటే వాటన్నిటి పైన ఇంకొక వర్ణన కావాలి. టెంప్లేట్ అలా పుట్టింది.

టెరోడాక్టిల్‌లో రెండు భాగాలున్నాయి. పీహెచ్‌పీ భాషలో లారవెల్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన ప్యానెల్ ఒకటి. సర్వర్లు నిజంగా నడిచే ప్రతి యంత్రం మీదా, అంటే ప్రతి నోడ్ మీదా కూర్చునే వింగ్స్ అనే ప్రోగ్రామ్ రెండోది. వింగ్స్ గో భాషలో రాసినది. ప్రతి సర్వరూ ఒక డాకర్ కంటైనర్‌లో విడిగా నడుస్తుంది. 0.7 వెర్షన్ నుంచి ఈ ప్యానెల్‌లో టెంప్లేట్‌ను ఎగ్ అని, ఒకే జాతి ఎగ్‌ల గుంపును నెస్ట్ అని పిలుస్తున్నారు. ప్యానెల్‌తోపాటే మైన్‌క్రాఫ్ట్, సోర్స్ ఇంజిన్, వాయిస్ సర్వర్లు, రస్ట్ అనే నెస్ట్‌లు వస్తాయి. మైన్‌క్రాఫ్ట్ నెస్ట్‌లో వనిల్లా, పేపర్, ఫోర్జ్, బంజీకార్డ్, స్పాంజ్ ఎగ్‌లుంటాయి.

ఎగ్ ఫైలు లోపల

అడ్మిన్ విభాగంలో నెస్ట్ తెరిచి, ఎగ్ ఎంచుకుని ఎక్స్‌పోర్ట్ నొక్కితే జేసన్ రూపంలో ఒక ఫైలు దిగుతుంది. పేపర్ ఎగ్ అయితే ఫైలు పేరు 'ఎగ్-పేపర్.జేసన్'. మొదటి వరుసలోనే పెద్ద అక్షరాలతో ఒక హెచ్చరిక ఉంటుంది: ఈ ఫైలును ప్యానెల్ తనంతట తానే తయారుచేసింది, దిద్దవద్దు అని. జేసన్‌లో వ్యాఖ్యలు రాసుకునే వీలు లేదు కాబట్టి ఆ హెచ్చరికను కూడా ఒక డేటా అంశంగానే దూర్చారు. కంప్యూటర్ దాన్ని పట్టించుకోదు. మనుషుల్లో కూడా పట్టించుకునేవారు తక్కువే.

దాని కింద ఫార్మాట్ వెర్షన్, ఎక్స్‌పోర్ట్ చేసిన తేదీ, సమయం, ఎగ్ పేరు, రచయిత ఈమెయిల్, వివరణ ఉంటాయి. ఆ ఈమెయిల్ ఎక్కడిదంటే, ప్యానెల్‌ను మొదట అమర్చినప్పుడు ఎగ్ రచయితగా ఇచ్చినది. చాలామంది ఆ ప్రశ్నకు తమ సొంత ఈమెయిల్ ఇచ్చి మర్చిపోతారు. తర్వాత తాము తయారుచేసిన ఎగ్‌ను నలుగురికీ పంచినప్పుడు అది కూడా ఫైలుతోపాటే వెళ్తుంది.

తర్వాత, సర్వర్ కంటైనర్‌కు ఆధారమయ్యే డాకర్ ఇమేజ్‌ల జాబితా. మొదటి తరం ఫార్మాట్‌లో ఇది వట్టి చిరునామాల వరుస. రెండో తరంలో ప్రతి చిరునామాకూ 'జావా 17', 'జావా 21' లాంటి చూపుడు పేరు జోడించారు. సర్వర్ యజమాని ఆ పేరు చూసి ఎంచుకుంటాడు. మైన్‌క్రాఫ్ట్ విషయంలో ఈ ఎంపిక చాలా ముఖ్యం. 1.17 వెర్షన్‌కు జావా 16 కావాలి, 1.18కి 17 కావాలి, 1.20.5కి 21 తప్పనిసరి. పాత ఎగ్‌లో జావా 8 ఇమేజ్ ఒక్కటే ఉంటే కొత్త ఆట మొదలుకాకముందే ఆగిపోతుంది.

స్టార్టప్ ఆదేశంలో మారే భాగాలను జంట ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య వేరియబుల్ పేర్లతో రాస్తారు. సర్వర్ మొదలయ్యేటప్పుడు వాటి స్థానంలో అసలు విలువలు వచ్చి చేరతాయి. సర్వర్ పూర్తిగా లేచిందని ప్యానెల్‌కు తెలియడానికి ఒక చిన్న కిటుకు ఉంది. సర్వర్ లాగ్‌లో ఫలానా మాట కనిపిస్తే లేచినట్టే అని ఎగ్‌లో రాసిపెడతారు. మైన్‌క్రాఫ్ట్ లేచాక సహాయం కోసం ఏం టైప్ చేయాలో చెప్పే ఒక వాక్యం అచ్చు వేస్తుంది కాబట్టి, ఆ ఎగ్ దానికోసమే కాచుకుని ఉంటుంది. ఆట తయారీదారు ఆ వాక్యాన్ని కాస్త మార్చినా చాలు, సర్వర్ హాయిగా నడుస్తున్నా ప్యానెల్‌లో మాత్రం 'స్టార్టింగ్' అనే చూపిస్తూ ఉంటుంది.

ఆట తాలూకు ఫైళ్లను సవరించే నియమాలు ఇంకొక భాగం. సర్వర్.ప్రాపర్టీస్‌లో పోర్టు విలువ స్థానంలో ఈ సర్వర్‌కు కేటాయించిన పోర్టు పెట్టు, ఐపీ స్థానంలో నాలుగు సున్నాలు పెట్టు అన్న తరహాలో ఉంటాయివి. ప్రాపర్టీస్, ఐఎన్ఐ, యామల్, జేసన్, ఎక్స్ఎంఎల్, మామూలు టెక్స్ట్ రూపాలను వింగ్స్ చదివి దిద్దగలదు. ఈ నియమాలు కూడా జేసన్‌లోనే ఉంటాయి, వాటిని మొత్తంగా ఒక స్ట్రింగ్‌గా చుట్టి ఇంకో జేసన్‌లో పెడతారు. అందుకే చేత్తో దిద్దబోయినవారు ఒక్క కొటేషన్ గుర్తు తప్పినా ఇంపోర్ట్ దగ్గర దొరికిపోతారు.

ఇన్‌స్టాలేషన్ స్క్రిప్ట్ ఎగ్‌కు ప్రాణం. ఆట ఫైళ్లను ఎక్కడినుంచి దించాలో, ఎక్కడ పెట్టాలో అది చెబుతుంది. సోర్స్ ఇంజిన్ ఆటలకూ స్టీమ్‌లో దొరికే మరెన్నో సర్వర్లకూ స్టీమ్‌సీఎండీ అనే వాల్వ్ ఉపకరణాన్ని పిలిచి, ఆటకు ఉన్న స్టీమ్ సంఖ్య ఇస్తారు. రస్ట్ సర్వర్‌ది 258550, గ్యారీస్ మాడ్‌ది 4020. చివరగా వేరియబుళ్లు: ప్రతిదానికీ పేరు, వివరణ, డిఫాల్ట్ విలువ, వాడుకరికి కనబడాలా లేదా, మార్చుకోనివ్వాలా లేదా, ఏ నియమానికి లోబడాలి అన్న వివరాలు ఉంటాయి.

ఒక మంచి గుణం ఇక్కడ చెప్పాలి. ఒక ఎగ్ అదే నెస్ట్‌లోని ఇంకో ఎగ్ నుంచి కాన్ఫిగరేషన్‌నూ ఇన్‌స్టాలేషన్ స్క్రిప్ట్‌నూ అరువు తెచ్చుకోగలదు. ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు ప్యానెల్ ఆ అరువును తీర్చేసి, అసలు సరుకును ఫైలులో నింపి ఇస్తుంది. కాబట్టి ఫైలు తనంతట తాను నిలబడుతుంది, తల్లి ఎగ్‌ను వెంట తీసుకెళ్లనక్కరలేదు. కానీ బంధం మాత్రం తెగిపోతుంది. కొత్తచోట తల్లి ఎగ్‌లో చేసిన మార్పులు దీనికి రావు.

ఫైలులోకి రానివి

సర్వర్ యజమాని నింపిన విలువలు ఎగ్‌లో ఉండవు. ఎగ్‌లో ఉండేవి డిఫాల్ట్‌లు మాత్రమే, అసలు విలువలు ప్యానెల్ డేటాబేస్‌లో సర్వర్ పేరు మీద విడిగా నమోదవుతాయి. సర్వర్‌కు కేటాయించిన ఐపీ, పోర్టు, మెమొరీ, డిస్క్ పరిమితులు, సమయానికి రీస్టార్ట్ చేసే షెడ్యూళ్లు, స్నేహితులకిచ్చిన అనుమతులు కూడా ఆ డేటాబేస్‌లోనివే. ఆటగాళ్లు నెలల తరబడి కట్టుకున్న ప్రపంచం, ప్లగిన్‌లు, వాటి సొంత అమరికలు నోడ్ మీద టెరోడాక్టిల్ వాల్యూమ్స్ ఫోల్డర్‌లో, సర్వర్ యూయూఐడీ పేరుతో ఉన్న ఉపఫోల్డర్‌లో ఉంటాయి. ప్లగిన్‌లు వాడుకునే మైఎస్‌క్యూఎల్ లేదా మారియాడీబీ డేటాబేస్‌లు వేరేచోట ఉంటాయి. ఎగ్ ఎక్స్‌పోర్ట్ వీటిలో దేన్నీ ముట్టుకోదు.

ఆట ఫైళ్లను కూడా ఎగ్ మోయదు. వాటి చిరునామా మాత్రమే దాని దగ్గర ఉంటుంది. అదే కాలక్రమంలో దాని బలహీనత అవుతుంది. టెరోడాక్టిల్ సొంత డాకర్ ఇమేజ్‌లే మొదట క్వే అనే రిజిస్ట్రీలో ఉండి, తర్వాత గిట్‌హబ్ రిజిస్ట్రీకి 'యోక్స్' పేరుతో మారాయి. పేపర్ ప్రాజెక్టు తన డౌన్‌లోడ్ ఏపీఐ తరాలను మార్చింది. పాత చిరునామాను నమ్ముకున్న ఇన్‌స్టాలేషన్ స్క్రిప్ట్‌లు కొత్త యంత్రం మీద ఖాళీ ఫోల్డర్‌ను మిగులుస్తాయి. మూడేళ్ల కిందటి ఎగ్ ఫైలు ఒక్క అక్షరం చెడకుండా ఉండొచ్చు, అయినా పనిచేయకపోవచ్చు. బ్యాకప్ ఫైలు సైజు చూసి తృప్తిపడేవారు ఇది చెప్పినా నమ్మరు, కానీ ఒక ఖాళీ నోడ్ మీద ఇన్‌స్టాల్ చేసి చూస్తే నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇంపోర్ట్ రెండు విధాలు

ఫైలును కొత్త ఎగ్‌గా ఏదో ఒక నెస్ట్‌లోకి ఎక్కించడం మొదటి పద్ధతి. ఇందులో ప్రమాదమేమీ లేదు, ఎగ్‌కు కొత్త సంఖ్య వస్తుందంతే. అయితే ఆ సంఖ్య మారడమే కొన్నిచోట్ల తలనొప్పి. డబ్ల్యూహెచ్ఎంసీఎస్ లాంటి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో ముడిపెట్టుకున్న హోస్టింగ్ వ్యాపారులు ప్రతి ప్యాకేజీకీ నెస్ట్ సంఖ్య, ఎగ్ సంఖ్య రాసిపెడతారు. తరలింపు తర్వాత వాటిని సరిచూడకపోతే రస్ట్ కొన్నవాడికి మైన్‌క్రాఫ్ట్ దక్కవచ్చు.

రెండో పద్ధతి ఉన్న ఎగ్ మీదే కొత్త ఫైలును ఎక్కించి నవీకరించడం. ఇక్కడ ఆగి ఆలోచించాలి. కొత్త ఫైలులో లేని వేరియబుళ్లను ప్యానెల్ ఎగ్ నుంచి తొలగిస్తుంది. అంటే పాత ఫైలు నుంచి 'పునరుద్ధరిస్తున్నాం' అనుకుంటూ, మధ్యలో చేర్చుకున్న వేరియబుళ్లను పోగొట్టుకునే అవకాశం ఉంది. వాటితోపాటు సర్వర్ల యజమానులు నింపిన విలువలూ పోతాయి.

ఇంకోవైపు, మారుతుందనుకున్నది మారదు. సర్వర్ సృష్టించిన రోజున ఎగ్‌లోని స్టార్టప్ ఆదేశం, డాకర్ ఇమేజ్ ఆ సర్వర్ ఖాతాలోకి నకలు అవుతాయి. తర్వాత ఎగ్‌ను మార్చినా అప్పటికే ఉన్న సర్వర్ల స్టార్టప్, ఇమేజ్ మారవు. ప్యానెల్ ఈ మాట నవీకరణ పేజీలోనే చెబుతుంది. దీని బరువు 2021 డిసెంబర్‌లో తెలిసింది. జావా ప్రోగ్రామ్‌లు లాగ్ రాయడానికి వాడే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో బయటపడ్డ లోపం మైన్‌క్రాఫ్ట్ సర్వర్లను నేరుగా తాకింది. ఆటలోని చాట్‌లో ఒక వాక్యం రాస్తే చాలు, సర్వర్ మీద పరాయి కోడ్ నడిపించే వీలుండేది. 1.18.1కు మారలేని 1.17, 1.18 సర్వర్లకు స్టార్టప్ ఆదేశంలో ఒక జావా ఫ్లాగ్ చేర్చమని, 1.12 నుంచి 1.16.5 వరకు ఉన్నవాటికి విడిగా ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు దించుకుని దాన్ని ఆదేశంలో చూపమని మైన్‌క్రాఫ్ట్ తయారీదారు మోజాంగ్ సూచించింది. ఎగ్‌లో ఆ ఫ్లాగ్ చేర్చి పని అయిపోయిందనుకుంటే కొత్తగా పుట్టే సర్వర్లకు మాత్రమే రక్షణ. పాతవాటిని ఒక్కొక్కటిగా తెరవాల్సిందే. అప్పటికి ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకున్న ఎగ్‌లలో ఆ ఫ్లాగ్ ఉండదన్నది కూడా మర్చిపోకూడదు.

అసలు తరలింపు

ప్యానెల్ మొత్తాన్ని వేరే యంత్రానికి మార్చుతుంటే ఎగ్‌లను ఎక్స్‌పోర్ట్ చేయాల్సిన పనే లేదు. అవి డేటాబేస్‌లోనే ఉన్నాయి కాబట్టి డేటాబేస్ డంప్‌తోపాటే వచ్చేస్తాయి, సంఖ్యలు కూడా మారవు. ఆ సందర్భంలో కళ్లలో వత్తులు వేసుకుని కాపాడాల్సింది ప్యానెల్ సొంత అమరికలుండే ఎన్వ్ ఫైలులోని యాప్ కీ. డేటాబేస్‌లో గుప్తీకరించిన అంశాలన్నీ, నోడ్‌ల టోకెన్‌లు, డేటాబేస్ పాస్‌వర్డ్‌లతో సహా, ఆ కీ లేకుండా తెరుచుకోవు. కీ పోతే ఎన్ని బ్యాకప్‌లున్నా ఆ సమాచారం తిరిగి రాదని టెరోడాక్టిల్ పత్రాలే గట్టిగా హెచ్చరిస్తాయి. నోడ్ వైపు వింగ్స్ కాన్ఫిగరేషన్ ఫైలు, వాల్యూమ్స్ ఫోల్డర్ కావాలి.

ఒకే ప్యానెల్ కింద ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కు సర్వర్‌ను పంపే ట్రాన్స్‌ఫర్ సదుపాయం ఉంది. రెండు వేర్వేరు ప్యానెళ్ల మధ్య అది పనిచేయదు. ఎగ్ ఎక్స్‌పోర్ట్ నిజంగా పనికొచ్చేది అక్కడే: ముందు ఎగ్‌ను ఎక్కించి, దానితో ఖాళీ సర్వర్ సృష్టించి, విలువలు చూసి నింపి, పాత సర్వర్‌ను ఆపి, ఫైళ్లను ఎస్ఎఫ్‌టీపీతో తెచ్చి పోయాలి. సర్వర్ ఆపకుండా ప్రపంచం ఫైళ్లను కాపీ చేస్తే సగం రాసిన భాగాలు వచ్చి చేరతాయి.

ప్యానెల్‌లో బ్యాకప్ అని ఉన్న ఇంకో బటన్ వేరే సంగతి. అది సర్వర్ ఫైళ్లను కుదించిన ఆర్కైవ్‌గా చేస్తుంది. టెరోఇగ్నోర్ అనే ఫైలులో రాసినవాటిని వదిలేస్తుంది. ఆర్కైవ్ చెక్‌సమ్‌ను నమోదు చేస్తుంది. డిఫాల్ట్‌గా ఆర్కైవ్ అదే నోడ్ మీద ఉంటుంది కాబట్టి, డిస్క్ చెడితే సర్వరూ బ్యాకపూ ఒకేసారి పోతాయి. ఎస్3 తరహా బయటి నిల్వకు పంపే అమరిక ఉంది, దాన్ని వాడాలి.

భారతదేశంలోని ఆటగాళ్ల కోసం సర్వర్ నడిపేవారు యూరప్, సింగపూర్ నుంచి దేశంలోని డేటా సెంటర్లకు మారడం పింగ్ తగ్గించుకోవడానికే. అమెజాన్ క్లౌడ్ ముంబై ప్రాంతం 2016లో, హైదరాబాద్ ప్రాంతం 2022 నవంబర్‌లో మొదలయ్యాయి. కొత్త ప్రాంతంలో ఐపీ మారుతుంది. ఎగ్‌లో పాత ఐపీని ఎవరైనా నేరుగా రాసిపెట్టి ఉంటే అది అప్పుడు బయటపడుతుంది. ఐపీ, పోర్టులను ఎప్పుడూ వేరియబుల్‌గానే రాయాలన్న నియమం అందుకే.

రహస్యాలు, నమ్మకం

సర్వర్‌ను దూరం నుంచి అదుపు చేసే ఆర్‌కాన్ పాస్‌వర్డ్, స్టీమ్ సర్వర్ టోకెన్, డిస్కార్డ్ బాట్ టోకెన్ లాంటివాటిని పని త్వరగా అవుతుందని వేరియబుల్ డిఫాల్ట్ విలువగా పెట్టే అలవాటు ఉంది. డిఫాల్ట్ విలువ ఎక్స్‌పోర్ట్ ఫైలులో మామూలు అక్షరాల్లో ఉంటుంది. ఆ ఫైలు గిట్‌హబ్‌కు వెళ్లిందంటే టోకెన్ కూడా వెళ్లినట్టే. స్టీమ్ టోకెన్ ఒక ఖాతాకు ముడిపడి ఉంటుంది, ఎవరో దుర్వినియోగం చేస్తే దెబ్బ ఆ ఖాతాకే తగులుతుంది. సరిదిద్దే మార్గం ఫైలును చెరపడం కాదు, టోకెన్‌ను రద్దుచేసి కొత్తది తీసుకోవడం.

ఎదురుదిక్కు నుంచి వచ్చే ప్రమాదం ఇంకా పెద్దది. ఎవరో ఇచ్చిన ఎగ్‌ను ఎక్కించి సర్వర్ సృష్టించడమంటే వాళ్లు రాసిన షెల్ స్క్రిప్ట్‌ను మన నోడ్ మీద నడిపించడమే. కంటైనర్ గోడలు ఉన్న మాట నిజమే కానీ, వాళ్లు సూచించిన డాకర్ ఇమేజ్‌లో ఏముందో మనకు తెలియదు. ఎక్కించేముందు ఇన్‌స్టాలేషన్ స్క్రిప్ట్‌ను ఒకసారి చదవడం పది నిమిషాల పని.

ఎగ్ ఫైళ్లను గిట్‌లో పెట్టి చరిత్ర కాపాడుకోవడం మంచి పద్ధతే, కాకపోతే ఈ ఫార్మాట్ దానికి అంతగా సహకరించదు. ఎక్స్‌పోర్ట్ తేదీ ప్రతిసారీ మారుతుంది కాబట్టి ఏమీ మార్చకపోయినా ఫైలు మారినట్టు కనిపిస్తుంది. వందల వరుసల స్క్రిప్ట్ మొత్తం జేసన్‌లో ఒకే పొడుగాటి వరుసగా ఉంటుంది కాబట్టి, ఒక్క కామా మార్చినా గిట్ ఆ వరుసంతా మారిందంటుంది. తెలుగులో వివరణ రాసుకున్నవారి ఫైలులో అక్షరాల స్థానంలో యూనికోడ్ సంఖ్యలు కనిపిస్తాయి. పీహెచ్‌పీ జేసన్ రాసే పద్ధతి అది. ఇంపోర్ట్ చేశాక తెలుగు మళ్లీ తెలుగుగానే కనిపిస్తుంది, కంగారు పడనక్కరలేదు. టెరోడాక్టిల్ నుంచి విడివడి వచ్చిన పెలికాన్ ప్యానెల్ పాత ఎగ్‌లను స్వీకరిస్తూనే యామల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసే వీలు తెచ్చింది. అందులో స్క్రిప్ట్ వరుసలు వరుసలుగానే ఉంటాయి.

ఇతర వ్యవస్థలు

పఫర్‌ప్యానెల్‌లో కూడా టెంప్లేట్ జేసన్ ఫైలే. సర్వర్ సృష్టించినప్పుడు ఆ నిర్వచనం మొత్తం సర్వర్‌కు సొంత నకలుగా మారుతుంది కాబట్టి, ఒక్కో సర్వర్ నిర్వచనాన్ని విడిగా దాచుకోవచ్చు. వెబ్ ప్యానెల్ లేకుండా కమాండ్ లైన్ మీద నడిచే లినక్స్‌జీఎస్ఎం అమరికలను పొరలుగా విడదీస్తుంది: అప్‌డేట్ వచ్చినప్పుడల్లా తిరగరాసే డిఫాల్ట్ ఫైలు, అన్ని సర్వర్లకూ ఉమ్మడిదైన ఫైలు, ఒక్కో సర్వర్‌కు సొంత ఫైలు. తరలింపులో మోయాల్సినవి చివరి రెండే. రహస్యాలకు ప్రత్యేక ఫైలు ఇచ్చే వీలు కూడా ఉంది. టెంప్లేట్‌నూ పాస్‌వర్డ్‌నూ వేరుచేయడంలో ఈ పద్ధతే శుభ్రమైనది.

మైన్‌క్రాఫ్ట్ ఒక్కటే నడిపేవారు చాలామంది ప్యానెల్ మానేసి, డాకర్ కంపోజ్ ఫైలులో సర్వర్ రకం, వెర్షన్, మెమొరీ రాసి నడుపుకుంటున్నారు. అక్కడ ఎక్స్‌పోర్ట్ అన్న అంకమే లేదు, మొదట రాసిన ఫైలే టెంప్లేట్. గూగుల్, యూబీసాఫ్ట్ కలిసి 2018లో ప్రకటించిన అగోనెస్ ఇదే దారిలో, కంటైనర్లను గుంపులుగా నడిపే కుబర్నెటీస్ మీద వందల సర్వర్లను యామల్ వర్ణనలతో నడుపుతుంది. కుబర్నెటీస్‌లో నడుస్తున్న వస్తువును తిరిగి ఫైలుగా తీసే 'ఎక్స్‌పోర్ట్' ఐచ్ఛికం ఒకప్పుడు ఉండేది. ఏ వివరం ఆ క్లస్టర్‌కే చెందింది, ఏది వెంట తీసుకెళ్లదగింది అన్నది అది సరిగ్గా తేల్చలేకపోయింది. 1.14 వెర్షన్‌లో దాన్ని వాడవద్దని ప్రకటించి, 1.18లో తీసేశారు.